మన వంతు జవాన్లు

హిందీలో ప్రసంగించే నాయకుడి పక్కన, రెండో మైకు ముందు నిలబడి, ప్రతి వాక్యాన్నీ తెలుగులో తిరగజెప్పే మనిషిని మీరు చూసే ఉంటారు. చూసి నవ్వుకునే ఉంటారు కూడా. నాయకుడు పావుగంట చెప్పింది అనువాదకుడు రెండు ముక్కల్లో తేల్చేశాడనీ, ఆయన నెమ్మదిగా అన్నదానికి ఈయన గొంతు చించుకున్నాడనీ ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటాయి. ఆ పని నేను చేస్తాను. కాలేజీలో హిందీ చెప్పి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చుంటే ఒళ్లు బరువెక్కుతుందని ఒప్పుకున్నాను. ఏ పార్టీ పిలిచినా వెళ్తాను. మాట వాళ్లది, గొంతు నాది. నా అభిప్రాయాన్ని మాత్రం ఇంట్లో పెట్టి తాళం వేసి వస్తాను. ఇన్నేళ్లుగా ఆ తాళం బాగానే పనిచేసింది.

మాది అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందు. పై అంతస్తు మాది, కింది అంతస్తు ఆపావాళ్లది. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం, వాళ్లు తరాలుగా ఈ ఊరివాళ్లే. ఆపా అంటే ఉర్దూలో అక్క. నిజానికి ఆమె నాకంటే చిన్నది. ఆమె నన్ను టీచరమ్మా అంటుంది, నేను ఆమెను ఆపా అంటాను, ఒకరినొకరు పెద్ద చేసుకుని ఇద్దరం సుఖంగానే ఉన్నాం. ఆమె భర్త స్కూలు వ్యాను నడుపుతారు. ఆమె ఇంట్లో కూర్చుని సందులో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుడుతుంది. ఒక్కడే కొడుకు, సైన్యంలో జవాను. చిన్నప్పుడు మా వరండాలో కూర్చుని నా దగ్గర తెలుగు, హిందీ రెండూ దిద్దుకున్నాడు. తప్పు రాస్తే నాకు కోపం వచ్చేది, వాడు మాత్రం నవ్వేవాడు. ఇప్పటికీ ఇంటికి ఫోన్ చేస్తే "టీచర్ ఉన్నదా పైన?" అని అడగకుండా పెట్టడు.

ఈ ఏడాది ఎండాకాలమంతా టీవీల్లో ఒకటే గోల. కొన్ని దేశాలు కలిసి ఒక రక్షణ కూటమి కడుతున్నాయట. అందులో మనం చేరాలా వద్దా, చేరితే ఖర్చులో మన వాటా ఎంత, ఒకరి మీదికి శత్రువు వస్తే మిగతా అందరూ కత్తులు పట్టుకుని పరిగెత్తాలా? ఎవరి జట్టులోనూ లేమని చెప్పుకుంటూ వచ్చిన దేశం కదా, ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడారు. మా సందు చివర ఇడ్లీ బండి దగ్గర ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలు ప్లేట్లు చేత్తో పట్టుకుని దీని మీదే వాదించుకునేవాళ్లు. యుద్ధం వస్తుందా రాదా అని కాదు, దీని మీద పరీక్షలో బిట్ వస్తుందా రాదా అని. వాళ్ల బాధ వాళ్లది. నేను కూడా చట్నీ మళ్లీ వేయించుకుని వచ్చేసేదాన్ని.

ఆషాఢం మొదట్లో ఒక ఆదివారం ఆపా మెట్లెక్కి పైకి వచ్చింది. ఆమె ఎప్పుడూ కింద నుంచే పిలుస్తుంది, మోకాళ్ల నొప్పి. అందుకే గుమ్మంలో ఆమెను చూడగానే లేచి నిలబడ్డాను.

"ఏంటి ఆపా, పిలిస్తే నేనే దిగి వద్దునుగా?"

"బైఠో టీచరమ్మా, నీతోని ఒక మాటున్నది" అంటూ తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. "పోరని ఫోనొచ్చింది. గా దేశాలన్ని కలిసి ఫౌజు జేస్తున్నరు గదా, మనోళ్లు సుత అండ్ల కలిస్తె ఎవరెవరు పోతరని పేర్లడుగుతున్నరట. ఇష్టమున్నోళ్లే ఇయ్యాలెనట. బలవంతం లేదట."

"వీడేమన్నాడు?"

"ఆడేమంటడు? నువ్వేమంటవో జెప్పమ్మీ అన్నడు. నువ్వొద్దంటె ఇయ్య అన్నడు. వచ్చే ఐతారం మళ్ల ఫోన్ జేస్త, అప్పుడు జెప్పు, సోమవారం పేర్లు పైకి పోతయి అన్నడు."

"మరి వద్దని చెప్పెయ్యి. దాంట్లో ఆలోచించేదేముంది?"

నాకు ఏదైనా టక్కున తేలిపోవాలి, అది నా గుణం. ఆపా చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆలోచించేదే ఉన్నది. నేనొద్దంటె ఆడియ్యడు. ఇయ్యకపోతె ఆడ ఆణ్ని ఎట్ల జూస్తరు? ఇంకోడు ఇయ్యకపోతె భయపడ్డడంటరు, నవ్వుతరు, ఐపాయె. మా పోరడు ఇయ్యకపోతె ఇంకేందో అంటరు. ఎవ్వరనకున్నా ఆడు అన్నరనే అనుకుంటడు. దినాం అదే ఫికర్ల ఉంటడు. మరి పొమ్మని నేనెట్ల జెప్పాలె? ఎవరి కొట్లాటో నాకే సమజ్ కాలే."

నేను హిందీ పండితురాలినే గానీ ఇలాంటివాటికి పండితురాలిని కాదు. లోపలికెళ్లి టీ పెట్టుకొచ్చాను.

టీ తాగుతూ ఆమె తనకు అర్థమైనంతవరకు చెప్పింది. "గిట్లనే గదా టీచరమ్మా? మా దిక్కు ఒక ఇంట్ల దావత్ ఉంటె వండేతందుకు పెద్ద దేగ్ ఒకలు తెస్తరు, బియ్యం ఒకలిస్తరు, మటన్ పైసలు ఒకలు పెడ్తరు. పెట్టుడు మంచిదే. గని పొయ్యి కాడ నిలవడెటోడు ఒకడు గావాలె గదా. ఇస్తమన్నోళ్లందరు కుర్చీలల్ల కూసుంటరు. పొయ్యి కాడ ఎవరు? అది జెప్తలేరు టీవీల." రక్షణ ఖర్చుల పంపకం గురించి నేను అంతకుముందూ ఆ తర్వాతా చాలామంది దగ్గర విన్నాను. అంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ.

అప్పటికే నాకు ఒక సభ ఒప్పుకుని ఉంది. ఢిల్లీ నుంచి ఒక పార్టీ పెద్ద వస్తున్నారు, పంజాగుట్టలో ఒక హాల్లో మేధావుల సమావేశం. మేధావులంటే రిటైరైన అధికారులు, డాక్టర్లు, కోచింగ్ సెంటర్ల యజమానులు, ఏసీ ఉందని, బిర్యానీ పొట్లం ఇస్తారని వచ్చే హాస్టల్ కుర్రాళ్లు. కూటమిలో చేరి తీరాలని ఊరూరా తిరిగి చెబుతున్నది ఆయనే. ఆ సంగతి నోరుజారి ఆపాతో అన్నాను.

"నన్ను తీస్కపో" అంది వెంటనే.

"నువ్వక్కడికెందుకు ఆపా? రాజకీయాలు."

"టీవీల ఆయన మాటలు కోసి కోసి జూపిస్తరు. మొత్తం ఇంటె నాకే ఎరుకైతది, అది మన కొట్లాటనా, పక్కోళ్లదా అని. మన ఇంటి మీదికొస్తె నేను ఏడ్వను, నా చేతుల్తోని పంపుత. పక్కోళ్లదైతె ఒద్దంట. ఫైసలా ఐపోతది."

గురువారం సభ. ఆ నాలుగు రోజులూ కింది నుంచి కుట్టు మిషను చప్పుడు సరిగా వినపడలేదు. కాస్త నడిచేది, ఆగేది, మళ్లీ చాలాసేపు వినపడేది కాదు. నా జాకెట్టుకు కుడిచెయ్యి ఎడమవైపు, ఎడమచెయ్యి కుడివైపు వేసి కుట్టింది. ముప్ఫై ఏళ్లుగా నాకు కుడుతోంది, ఎన్నడూ లేదు అలా. ఇంకోసారైతే రెండు మాటలు అనేదాన్ని. ఆ పూట మాత్రం నేనే కూర్చుని విప్పుకున్నాను. నాకు కూడా ఏమీ బాగుండలేదు. గిన్నె పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం, తాళం వేశానో లేదో అని మెట్లన్నీ దిగి మళ్లీ ఎక్కడం, ఇవే.

ఆ రోజు బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు ఆషాఢం జాతర జనం, రోడ్లు మళ్లించారు. ఆటో దొరక్క మెట్రో స్తంభాల కిందే నడుచుకుంటూ పంజాగుట్ట చేరాం. ఆపా బురఖాలో, మొహం తెరిచే ఉంది, చెమటతో. హాలు గుమ్మంలో సభ పనులు చూసే కుర్రాడు ఎదురొచ్చాడు.

"మేడం, సార్ ఇయ్యాల డిఫెన్స్ మీదనే మాట్లాడ్తడు. మీరు జర జోష్‌ల చెప్పాలె. పబ్లిక్ లేవాలె, అంతే."

"లేస్తారులే. ఈవిడ నాతో వచ్చింది, ఎక్కడైనా ఒక కుర్చీ చూడు నాయనా, వెనకైనా పర్లేదు."

అతను ఆపాను పైనుంచి కిందకి చూశాడు. మొహం వెలిగిపోయింది. "వెనకెందుకు మేడం! ముందల్నే కూసోబెడ్త. ఫోటోల మస్తుగుంటది." నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయాను గానీ అప్పటికే ఆపాను తీసుకుపోయి మూడో కుర్చీలో కూర్చోబెట్టేశాడు.

ఆ పెద్దమనిషి మాటకారి, అది ఒప్పుకోవాలి. కాగితం లేదు. చిన్న చిన్న వాక్యాలు, ఆగాల్సిన చోట ఆగుతారు, అనువాదకుడికి ఊపిరి పీల్చుకునే టైమిస్తారు. ఒంటరిగా ఉండేవాడికి కాపలా ఖర్చు ఎక్కువ అన్నారు. నలుగురు కలిస్తే అదే కాపలా నాలుగో వంతుకు వస్తుందన్నారు. మన సముద్రం మీద మన సరుకు క్షేమంగా రావాలంటే మన పక్కన నలుగురి ఓడలు ఉండాలన్నారు. మంచి వాక్యం దొరికితే నాకు నోరూరుతుంది, అది ఎవరిదైనా సరే. ఒకటి రెండు చోట్ల ఆయన హిందీకంటే నా తెలుగే బాగుందని కూడా అనిపించింది. ఆపా వైపు చూశాను. తల కొంచెం ముందుకు వంచి, కళ్లు చిట్లించి, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు వింటోంది.

తర్వాత ఆయన అసలు సంగతికి వచ్చారు. కూటమిలో కొన్ని దేశాలు చిన్నవి, వాటికి శత్రువులు ఎక్కువ, మనుషులు తక్కువ అన్నారు. అక్కడ ఏదైనా జరిగితే మనం వెళ్లి నిలబడాలి, అప్పుడే రేపు వాళ్లు మనకోసం నిలబడతారు అన్నారు. నేను అది తెలుగులో చెప్పాను. చెబుతూ చూస్తే ఆపా నావైపే చూస్తోంది. మెల్లగా తల అడ్డంగా ఊపింది. నాకు అర్థమైంది. ఫైసలా అయింది. మన ఇంటి మీది కొట్లాట కాదు, వాడు వెళ్లడు.

మా హైదరాబాదు సభల్లో చప్పట్లు రెండుసార్లు వస్తాయి. కోస్తాలో అయితే జనం నాకోసం ఆగుతారు, తెలుగు విన్నాకే కొడతారు. ఇక్కడ సగం మందికి హిందీ వచ్చు. వాళ్లు నాయకుడు అనగానే కొట్టేసి, నేను చెప్పేటప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. తర్వాత మిగతా సగం కొడుతుంది. ఇన్ని సభల తర్వాత, ఎవరికి ఏ భాష వచ్చో వేదిక మీద నుంచే చెప్పేయగలను.

"పైసా ఉన్‌కా" అన్నారాయన, ఆగి. "జహాజ్ ఉన్‌కే." మళ్లీ ఆగారు. "జవాన్ హమారే! జవానోఁ కీ హమేఁ కోయీ కమీ నహీఁ!"

మొదటి చప్పట్లు హాలు దద్దరిల్లేలా వచ్చాయి. డబ్బు వాళ్లది, ఓడలు వాళ్లవి, జవాన్లు మనవాళ్లు, మనకు జవాన్లకు కొదవ లేదు. పొయ్యి దగ్గర నిలబడేది ఎవరో ఇంత బాహాటంగా చెబుతారని నేను అనుకోలేదు. ఆపా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నేను తెలుగులో చెప్పకముందే ఆమెకు అర్థమైంది, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే మనిషి. ఆమె పక్క కుర్చీలో ఉన్నాయన చప్పట్లు కొడుతూనే తల తిప్పి ఆమె చేతుల వైపు చూశాడు. వెనక వరసలో ఇంకొకాయన కూడా మెడ సాచి చూశాడు.

నాకు భయం వేసింది. గబగబా ముగించేద్దామనుకున్నాను. "డబ్బు వాళ్లది, ఓడలు వాళ్లవి, మన వంతు మన ధైర్యం" అన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆ తల్లి చెవిలో ఆ వాక్యం రెండోసారి పడకూడదని మాత్రం అనుకున్నాను.

నాయకుడు నావైపు తిరిగారు. ఆయనకు తెలుగు రాదు, కానీ జవాను తెలుగులోనూ జవానే. నా మాటల్లో అది వినపడలేదు. నవ్వుతూ మైకులోనే అడిగారు, "జవాన్ కహాఁ గయే, బెహన్‌జీ?"

జవాన్లు ఎక్కడికి పోయారమ్మా అని. హాలంతా ఘొల్లుమంది. సభ పనుల కుర్రాడు పక్క నుంచి చేతులు తిప్పుతున్నాడు, కానివ్వండి కానివ్వండి అని. ఫోన్లు పైకి లేచాయి. అప్పుడు చెప్పాను, పూర్తిగా. "డబ్బు వాళ్లది! ఓడలు వాళ్లవి! జవాన్లు మనవాళ్లు! మనకు జవాన్లకు కొదవ లేదు!" ఇన్నేళ్ల అలవాటు, గొంతు దానంతటదే లేచింది. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

రెండో చప్పట్లు మొదటివాటికంటే పెద్దగా వచ్చాయి. వాటిలో ఆపావి కూడా ఉన్నాయి. చేతులు గుండె ఎత్తుకు పెట్టుకుని, అందరికీ కనపడేలా కొడుతోంది. పక్కాయన ఇప్పుడు ఆమె వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. అందరూ ఆపేశాక కూడా ఇంకా కాసేపు కొట్టింది. కెమెరా పట్టుకున్నవాడు వరస పొడుగునా నడిచి వచ్చి ఆమె ముందు ఆగాడు.

సభ అయ్యాక బిర్యానీ పొట్లాలు తీసుకోకుండానే బయటపడ్డాం. ఫ్లైఓవరు కింద హారన్ల మోతలో మాట వినపడక, ఆపా నా చెయ్యి పట్టుకుని చెవి దగ్గరగా మాట్లాడింది.

"కొట్టకుంటె ఎట్ల టీచరమ్మా? పక్కన కూసున్నాయన నా చేతుల దిక్కే జూస్తుండు. నువ్వేమో మాట మింగితివి, అందరు నవ్విరి. ఇంక నేను సుత ఊకె కూసుంటె..."

"నాకు తెలుసులే ఆపా."

"గని మంచిగైంది. ఫైసలా ఐపోయింది. ఐతారం ఫోనొస్తె ఒద్దంట. ఎవ్వరేమన్నా అననీ. ఒద్దు బేటా, నేను బతికున్నన్ని దినాలు ఒద్దు, అని జెప్త." రోడ్డు దాటేటప్పుడు మళ్లీ అంది, "ఒద్దు బేటా." ఆ మాట నోట్లో సరిగా తిరుగుతోందో లేదో చూసుకుంటున్నట్టుంది. ఇంటికి వచ్చాక మిషను చప్పుడు చాలాసేపు ఆగకుండా వినపడింది. నేను ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

మర్నాడు మా చిన్నాన్న కూతురు గుంటూరు నుంచి వీడియో పంపింది, కింద నవ్వు బొమ్మలు. "అక్కా, నువ్వు ఫేమస్ అయిపోయావు." నాయకుడు జవాన్లెక్కడ అని అడగడం, నేను బిక్కమొహం వేయడం, మళ్లీ గొంతెత్తి చెప్పడం, చప్పట్లు. నా మొహం చూసుకుని సిగ్గుతో చచ్చిపోయాను. వీడియో చివర కెమెరా జనం మీదికి వెళ్లి ఆపా దగ్గర ఆగిపోయింది. పార్టీవాళ్లు దాని కింద ఒక మాట కూడా తగిలించారు, తల్లుల ఆశీస్సులు అని. ఆమె ఒక జవాను తల్లి అని వాళ్లకు తెలియనే తెలియదు. ఆ కుర్రాడు అన్నట్టు ఫోటోలకు బాగుందంతే.

నేను కిందికి దిగి ఆపాకు చూపించాను. తనను తాను చూసుకుని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆడు జూస్తడా?"

"వాడెక్కడ చూస్తాడు ఆపా, వాళ్ల డ్యూటీలు, వాళ్ల గొడవ. ఫోన్లే సరిగా ఉండనివ్వరంటావుగా."

"జూసినా సమజైతది లే ఆనికి. నా కొడుకు" అంది. కానీ వెంటనే ఫోన్ తీసి నంబరు నొక్కింది. కలవలేదు. శనివారం మళ్లీ చేసింది, రింగైంది గానీ ఎత్తలేదు. వాళ్లాయన వ్యాను తుడుచుకుంటూ, ఆదివారం వాడే చేస్తాడు కదా ఎందుకంత తొందర అన్నారు. ఆపా ఆయనకేమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. శనివారమంతా నేను వరండాలోనే తచ్చాడాను. కింద ఫోన్ మోగితే వినపడుతుంది కదా అని.

ఆదివారం మోగింది. నేను పరుగున దిగాను. ఆపా ఫోన్‌ను మిషను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది, వాళ్లింట్లో ఎప్పుడూ అంతే. వాళ్లు మాట్లాడుకునేది దక్కనీలో. నా వృత్తి ఇదే కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

"అమ్మీ!" వాడి గొంతు వినగానే తెలిసిపోయింది, సంతోషంగా ఉన్నాడు. "వీడియో జూసిన. మా బ్యారక్‌ల అందరు జూసిన్రు. నువ్వు ముందల కూసోని గట్ల చప్పట్లు కొడ్తవని నేను అనుకోలే. ఎంత ధైర్యమొచ్చిందో తెల్సా? ఇన్ని దినాలు అమ్మీ ఏమంటదో, ఏమంటదో అని నిద్ర లేదు. నిన్న పొద్దుగాల్నే పోయి పేరిచ్చొచ్చిన."

ఆపా నోరు తెరిచింది. మూడు రోజులుగా సిద్ధం చేసుకున్న మాట ఆమె పెదాల మీద నాకు కనపడింది. రాలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇచ్చిన పేరు వెనక్కి తీసుకుంటే, అసలు ఇవ్వకపోవడంకంటే హీనంగా చూస్తారు. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు, వాడికి బాగా తెలుసు.

"అమ్మీ? ఉన్నవా?"

"ఉన్న బేటా" అంది. "మంచిగ జేసినవ్." తర్వాత ఫోన్‌ను నావైపు తోసింది. "టీచరమ్మతోని మాట్లాడు."

"టీచర్, మా అమ్మ నిజంగనే ఖుషీగ ఉన్నదా? ఏడుస్తలేదు గదా?"

ఆ తల్లి అప్పుడు ఏడవడంలేదు. నన్నే చూస్తోంది. మెల్లగా, చిన్నగా తల ఊపింది, చెప్పు అని. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ నాయకుడి మీదా, కెమెరా మీదా, పక్క కుర్చీలో కూర్చున్న ఆయన మీదా, అన్నిటికంటే నా గొంతు మీదా. నీ తల్లి భయపడి కొట్టిందిరా అని అరవాలనిపించింది. అరిస్తే వాడు ఆ మాటను మూట కట్టుకుని సముద్రం దాటాలి.

"ఖుషీగా ఉందిరా నాన్నా" అన్నాను. "నేను పక్కనే ఉన్నాగా."

వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. "అట్లయితె మంచిది టీచర్. మా దోస్తులు ఇద్దరున్నరు, ఆళ్లు ఇంక పేరియ్యలే, ఇంట్ల ఒప్పుకుంటలేరట. రేపటి దాంక టైమున్నది. అమ్మీ వీడియో ఆళ్ల ఇంటోళ్లకు పంపుమంట. ఒక అమ్మ గట్ల చప్పట్లు కొడ్తుంటె జూస్తె ఆళ్లు సుత..."

ఆపా ఫోన్‌ను రెండు చేతుల్తో లాక్కుంది.

"ఒద్దు బేటా!" అంది. "ఒద్దు. ఎవ్వరికి పంపకు."

"ఎందుకమ్మీ?"

ఆమె నావైపు చూసింది. వాడు అవతల ఆగి ఉన్నాడు.

"అండ్ల నా మొఖం మంచిగ లేదు బేటా" అంది.

వాడు పకపకా నవ్వాడు.